జామిట్ వాళ్ళ ఏడో ముక్క

మూడూ అయిదు. నాలుగింటికి మొదలుపెడతానన్నాడు. యాభై అయిదు నిమిషాలు, అందులో ఇరవై నా మోకాళ్ళు వంగి లేవడానికే పోతాయి. గట్టు మీద అద్దెకి తెచ్చిన పసుపురంగు లెవెలింగ్ యంత్రం, దాని నీడలో కూర్చుని సాండ్‌విచ్ తింటున్న డ్రైవరు. తిను నాయనా, నెమ్మదిగా తిను, నమిలి తిను, ఇంకొకటి ఉంటే అదీ తిను, తిన్నాక కాసేపు కునుకు తియ్యి, నిన్నెవరూ ఏమీ అనరు. నువ్వు లేచి యంత్రం ఎక్కావంటే ఈ ఏడో ముక్క చీకటిపడేలోగా బల్లలా చదునైపోతుంది, రేపు నీటి గొట్టాల కోసం మీటరు లోతు కాలవలు తవ్వుతారు, మా ముత్తాత చార్లీ ఈ నేలలో ఎక్కడో సరిగ్గా ఆ లోతులోనే ఉన్నాడు. ఎక్కడో. కౌన్సిల్ ఆఫీసులో ఆ అమ్మాయి ఎంత మర్యాదగా చెప్పింది, పొలంలో ఎక్కడో ఉందంటే కుదరదండీ, చోటు చూపించాలి, చూపిస్తే చుట్టూ పది మీటర్లు ముట్టుకోకుండా వదిలేయిస్తాం అని. ఇరవై ఆరు ఎకరాల్లో ఒక మనిషి పొడుగు చోటు. పదకొండేళ్ళుగా కాగితాల్లో వెతికాను, ఇప్పుడు నేలమీద వెతకడానికి నాకు మిగిలింది ఒక గంట, ఆ గంటలో కూడా అప్పుడే అయిదు నిమిషాలు వెళ్ళిపోయాయి. ఆరు.

తెల్లవి కనపడాలి. నల్లగా కాలిన నేలమీద తెల్లవి. మా వాళ్ళు సమాధి చుట్టూ గుండ్రాళ్ళు పేర్చి, లోపల సముద్రపు ఒడ్డున ఏరుకొచ్చిన పగడపు తునకలు పరిచేవాళ్ళు, అవి కుళ్ళవు, కాలవు, నాగలి చెదరగొట్టినా ఎక్కడో ఒకచోట పైకి తేలతాయి. అందుకే పొలం తగలబెట్టించాను. ఈ పొలం సొంతదారు విన్స్ జామిట్ ఇరవై ఏళ్ళుగా చెరకు తగలబెట్టడం మానేశాడు, ఎండాకు నేలకే మంచిదని వదిలేస్తాడు, ఆ ఆకు కింద ఏనుగు పడుకున్నా కనపడదు. నీకోసం ఒక్కసారి అన్నాడు. నిన్న సాయంత్రం అంటించాడు, మసి మా వీధిదాకా ఎగిరొచ్చి ఆరేసిన దుప్పట్ల మీద పడితే పక్కింటావిడ తిట్టింది, ఇవాళ పొద్దున కోత యంత్రం నడిచింది, మధ్యాహ్నానికి చెరకు రైలు బిన్నుల్లో గడలన్నీ లాక్కుపోయింది. మిగిలింది మోళ్ళు, బూడిద, నేను. వాగు వైపు నుంచి మొదలుపెట్టాను, ఆంటీ మావిస్ పోయేముందు కూడా వాగు పక్కనే అంది కాబట్టి. నాన్న అక్క ఆవిడ. మా వంశంలో నోరు విప్పి నాలుగు మాటలు చెప్పింది ఆవిడొక్కతే, అవీ సగం మాటలే. ఇదిగో తెల్లది. కాదు, సున్నం గడ్డ. నేలకి పులుపు విరగాలని చల్లిన సున్నం, వేలితో నొక్కితే పొడైపోయింది. ఈ పొలం నిండా సున్నం గడ్డలేనని నిన్న ఎందుకు తట్టలేదు నాకు, తెల్లవి వెతుకుతానని అంత గొప్పగా చెప్పుకున్నాను విన్స్‌తో, అతనికి కూడా తట్టలేదా, తట్టినా నా మొహం చూసి ఊరుకున్నాడా.

నాన్న బండిలోనే ఉన్నాడు. తలుపు తెరిచి, కాళ్ళు బయటికి వేలాడేసి, టోపీ మోకాలి మీద పెట్టుకుని. ఎనభై ఆరేళ్ళు. దిగమంటే దిగడు. రానన్నవాడు పొద్దున ఏమనుకున్నాడో బూట్లేసుకుని బండెక్కి కూర్చున్నాడు, దారంతా ఒక్క మాట లేదు. ఇందాక మంచినీళ్ళు ఇద్దామని వెళితే, "ఇంక చాల్లే అమ్మాయ్, ఇంటికి పోదాం. టీ తాగే వేళైంది" అన్నాడు. ఇంకా మూడు కూడా కాలేదు నాన్నా అన్నాను. "వందేళ్ళ నాటి మనిషి. నేలలో కలిసిపోయుంటాడు. నీకు దొరికేది ఏముంటుంది చెప్పు" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఎప్పుడూ ఇంతే. పదకొండేళ్ళు నేను తెచ్చిన ప్రతి కాగితానికీ ఈయన దగ్గర ఇదే మాట. ఓడ రిజిస్టరు కాపీ తెచ్చి చూపిస్తే కళ్ళజోడు లేదన్నాడు, కళ్ళజోడు తెచ్చిస్తే అక్షరాలు చిన్నవన్నాడు. మరణ పత్రం దొరికిన రోజు నేను లైబ్రరీ మెట్ల మీదే కూర్చుని ఏడ్చి, పరుగున వెళ్ళి చదివి వినిపిస్తే, విని, పెరట్లో కోళ్ళకి మేత వేయాలని లేచి వెళ్ళిపోయాడు. మా అమ్మ ఉంటే నవ్వేది. మీ నాన్న నోట్లోంచి మాట రావాలంటే పన్ను పీకేవాణ్ణి పిలవాలి అనేది.

ఆ మరణ పత్రంలో ఉన్నదెంత. చార్లీ, దీవుల మనిషి, వయసు సుమారు యాభై అయిదు, జ్వరం, పందొమ్మిది వందల ఇరవై ఒకటి. పూడ్చిన స్థలం: ఫెన్విక్ పొలం. అప్పటికి ఇది ఫెన్విక్ వాళ్ళది, తర్వాత జామిట్‌లు కొన్నారు. సాక్షుల గడిలో ఒక అడ్డగీత. పాస్టరు లేడు, పెట్టె చేసినవాడి పేరు లేదు. ఆ కాగితం దొరకడానికి ముందు ముగ్గురు చార్లీల వెంట తిరిగాను, ముగ్గురూ సముద్రం అవతలి ఓబా దీవి వాళ్ళే, ముగ్గుర్నీ చెరకు నరకడానికి తెచ్చి ఒకే ఏడాది ఓడలోంచి దించారు, పేరు పలకలేని గుమాస్తా ఎవడో వరసగా చార్లీ చార్లీ చార్లీ అని రాసి పారేశాడు. మొదటివాడి కోసం రెండేళ్ళు దండగ చేశాను, అతను కాలు తెగి ఆస్పత్రిలో పోయాడు. రెండోవాణ్ణి తిప్పి పంపేశారు. మూడోవాడు మావాడని తెలిసింది మిషన్ బడి పుస్తకం వల్ల, అందులో ఫెన్విక్ పొలం చార్లీ అని ఉంది, మా నాయనమ్మ ఐవీని బళ్ళో వేసిన రోజు తండ్రి పేరు అడిగితే ఆయన తన అసలు పేరు చెప్పాడు, తారివుతి. పంతులమ్మ పేరు ఇంగ్లీషులో కూడబలుక్కుని రాసుకుంది, కొట్టేసి మళ్ళీ రాసింది. ఆ పేజీ ముందు ఆ రోజు నేనెంతసేపు కూర్చున్నానో. ఒకడు తన పేరు తను చెప్పుకున్నాడు, అది ఒకసారే, అదీ కూతురి కోసం.

పన్నెండు. అంటే మూడూ పన్నెండు. సాళ్ళకి అడ్డంగా నడవాలి, నిలువుగా నడిస్తే రెండు బోదెల మధ్యది కనపడదు. సీసా ముక్క. ప్లాస్టిక్ గొట్టం ముక్క. ఎలక బొక్క. మళ్ళీ సున్నం. మోళ్ళు బూట్ల మీంచి కూడా గుచ్చుతున్నాయి. ఐవీ నాయనమ్మ చెప్పులు లేకుండానే ఈ పొలాల్లో తిరిగేదట. ఆవిడ గుర్తుంది నాకు, నాకు తొమ్మిదేళ్ళప్పుడు పోయింది, చేతులు చెరకు గడల్లా కణుపులు కణుపులుగా ఉండేవి. ఆవిడకి ఆరేళ్ళప్పుడు దీవుల మనుషులందర్నీ ఓడలెక్కించి వెనక్కి తోలెయ్యాలని చట్టం వచ్చింది. ముప్పై ఏళ్ళు చెరకు నరికించుకుని ఇంక చాలు పొమ్మన్నారు. పోలీసులు వచ్చిన రోజున చార్లీ పెళ్ళాం పిల్లల్ని తీసుకుని ఏటి మొగ దగ్గర మడ అడవిలో దూరాడు, పదకొండు రోజులు, పీతలు పచ్చివే తిన్నారట, నిప్పు రాజేస్తే పొగ కనపడుతుందని. ఆ పదకొండు రోజులూ నాయనమ్మ ఒంట్లోంచి ఎప్పుడూ పోలేదు. అరవై దాటినా ఎవరైనా తలుపు కొడితే ముందు వెనక తలుపు వైపు చూసేది. ఆవిడ మాకు నేర్పిన మొదటి పాఠం ప్రార్థన కాదు, బాస్‌కి ఏదీ చెప్పకు. మీరెంతమంది అని అడిగితే తెలీదు బాస్. మీ అమ్మ ఎక్కడ, తెలీదు బాస్. నీ వయసెంత, తెలీదు బాస్. తెలిస్తే లెక్క కడతారు, లెక్క కడితే ఓడ వస్తుంది. బళ్ళో టీచరు మా నాన్న పేరు అడిగితే నేను తెలీదన్నాను. క్లాసంతా నవ్వింది. నిజంగా భయం వేసి అన్నాను, నా పేరు నోలీన్ అని చెప్పడానికి కూడా భయమేసింది ఆ రోజు.

వాగు దగ్గర ఏమీ లేదు. ఏమీ లేదని ఇప్పుడొక పావుగంట పోగొట్టుకుని తెలుసుకున్నాను. ఉన్నది పాత రాళ్ళగుట్ట ఒక్కటే, గట్టుకి అవతల, జామిట్‌లు దున్నేటప్పుడు ఏరి పోసిన రాళ్ళు, నాచు పట్టి, పక్కన ఎర్రాకుల క్రోటన్ మొక్క చెట్టంత అయింది. ఈ గుట్ట మీదే కదా నేనూ మా తమ్ముడూ ఆడుకునేవాళ్ళం, నున్నటి గుండ్రాళ్ళు, కూర్చుంటే వెచ్చగా ఉండేవి, మామిడిపళ్ళు తిని టెంకలు రాళ్ళ సందుల్లోకి విసిరేవాళ్ళం. ఒక రోజు నాన్న ట్రాక్టరు దిగి వచ్చాడు. దిగండి అన్నాడు. మేం నవ్వాం. మా తమ్ముడి చెంప పగలగొట్టాడు, నా రెక్క పట్టుకుని కిందికి లాగాడు, జబ్బ మీద నాలుగు వేళ్ళూ అచ్చు పడ్డాయి. జీవితంలో మా మీద చెయ్యెత్తింది అదొక్కసారే. పాములుంటాయని అన్నాడు తర్వాత. ఇన్నేళ్ళూ పాములనే నమ్మాను. ఆ రోజు రాత్రి భోజనం దగ్గర నాన్న తమ్ముడి ముందు తన చేప ముక్క పెట్టాడు, పెట్టి తను తినకుండా లేచిపోయాడు. ఇప్పుడు ఇదంతా ఎందుకు గుర్తొస్తోంది, టైం లేదు, మూడూ ఇరవై మూడు, డ్రైవరు సాండ్‌విచ్ కాగితం ఉండ చుట్టి జేబులో పెట్టుకున్నాడు, ఫ్లాస్కు తీశాడు. తాగు నాయనా, వేడిగా ఉంటుంది, ఊదుకుంటూ తాగు.

విన్స్ వస్తున్నాడు, చేతిలో మంచినీళ్ళ సీసా. మంచివాడే. చిన్నప్పుడు మా నాన్న ట్రాక్టరు మడ్‌గార్డు మీద కూర్చుని పొలమంతా తిరిగినవాడు, మా నాన్న ఒళ్ళో స్టీరింగు పట్టుకుని నేర్చుకున్నవాడు. అయినా మా నాన్న అతన్ని బాస్ అనే పిలుస్తాడు, తనకంటే పాతికేళ్ళు చిన్నవాణ్ణి. నేను కోప్పడితే అదంతే అంటాడు.

"ఏమైనా దొరికిందా నోలీ?"

"దొరికింది. నువ్వు పదేళ్ళుగా చల్లిన సున్నమంతా దొరికింది."

అతను నవ్వబోయి ఆగాడు. ఇద్దరం బండి దాకా నడిచాం, నాన్నకి నీళ్ళిచ్చాడు. "ఒక్క మాట ముందే తెలిసుంటే ఎంత బాగుండేది క్లారీ," అన్నాడు నాన్నతో. "మా నాన్న సంగతి మీకు తెలుసుగా. మా కుక్క చస్తే దానిక్కూడా శిలువ పాతి దండం పెట్టించాడు నా చేత. ఈ పొలంలో మనిషి సమాధి ఉందంటే నాగలి పెట్టనిచ్చేవాడా? కంచె వేయించేవాడు, ఆదివారం ఆదివారం కొవ్వొత్తి వెలిగించేవాడు. ఎవరూ చెప్పలేదు ఆయనకి. పాపం, తెలీక పోయాడు." నాన్న నీళ్ళు తాగడం ఆపాడు. సీసా మూత పెట్టడానికి ప్రయత్నించాడు, మూత మరలోకి పడలేదు, రెండుసార్లు, మూడుసార్లు, నేనే తీసుకుని పెట్టాను. డ్రైవరుని పది నిమిషాలు ఆపగలనేమో చూస్తానని విన్స్ అటు వెళ్ళాడు. మూడూ ముప్పై. నేను మళ్ళీ సాళ్ళలోకి బయల్దేరాను.

"వాగు దగ్గర వెతక్కు" అన్నాడు నాన్న.

ఆగాను.

"వాగు దగ్గర ఏం లేదు. రాళ్ళే అక్కడున్నాయి. మనిషి అక్కడ లేడు."

"నీకెలా తెలుసు నాన్నా?"

"రాళ్ళు నేనే తీశాను."

నాకు మొదట అర్థం కాలేదు, అర్థమయ్యాక కూడా ఇంకా అర్థం కాలేదనే నటించాలనిపించింది. టోపీ వంక చూస్తూ చెప్పాడు, ఒక్కో ముక్క. అరవై ఒకటిలో విన్స్ వాళ్ళ నాన్న, ముసలి జామిట్, ఏడో ముక్కలో రాళ్ళేరే పని ఇచ్చాడట. నాన్నకి ఇరవై మూడేళ్ళు, కొత్తగా పెళ్ళి, ఉండటానికి జామిట్‌ల కూలీల రేకుల గది. తాత అక్కడున్నాడని తెలుసా అని అడిగాను. తెలుసు. పదేళ్ళప్పుడు నాయనమ్మ తీసుకెళ్ళి చూపించింది, రాళ్ళు, తెల్ల పగడాలు, దండం పెట్టించింది. మరి? "అన్నీ ఏరి దాన్నే చివరికి ఉంచాను. రెండ్రోజులు ఉంచాను. మూడో రోజు బాస్ వచ్చి ట్రాక్టరు మెట్టు మీద కూర్చున్నాడు. ఆ ఒక్క కుప్ప మిగిల్చావేంటి క్లారీ అన్నాడు. చెబుదామని నోటిదాకా వచ్చింది. అమ్మ గుర్తొచ్చింది. తెలీదు బాస్ అన్నాను. అని తీశాను." ఎన్ని రాళ్ళు నాన్నా అని ఎందుకడిగానో, ఎంత పిచ్చి ప్రశ్న. నలభై ఒకటి అన్నాడు వెంటనే. "పగడాలు మట్టిలో కలిపేశాను. రాత్రి ఇంటికెళ్ళి అమ్మకి చెప్పాను. బాస్‌కి చెప్పలేదు కదా, అంది. చెప్పలేదన్నాను. మంచిపని చేశావంది. తర్వాత మూడు రోజులు ఏమీ తినలేదు. నాలుగో రోజు వెళ్ళి ఆ రాళ్ళగుట్ట దగ్గర ఎర్రాకుల మొక్క నాటింది. మావిస్ చిన్నప్పుడే టౌన్లో ఇళ్ళల్లో పనికి పోయింది, అసలు చోటు ఎప్పుడూ చూడలేదు, సెలవలకొస్తే గుట్ట చూపించి అదే తాత అని చెప్పింది అమ్మ. నేను కాదనలేదు."

కాదనలేదు. పదకొండేళ్ళు నేను వాగు వాగు అని తిరిగితే కాదనలేదు. సెలవులన్నీ పెట్టి, బ్రిస్బేన్‌కి బస్సుల్లో ఊగుతూ, ఆ బూజుపట్టిన పుస్తకాల్లో ముగ్గురు చార్లీల్ని తిరగేస్తుంటే కోళ్ళకి మేత వేయాలని లేచి వెళ్ళాడు. పెంచిన చేతులు కాబట్టి సరిపోయింది గాని ఆ క్షణం ఆయన మొహం మీద ఆ నీళ్ళ సీసా విసిరికొట్టాలనిపించింది. చెప్పేస్తే ఏమయ్యేది? విన్స్ ఇప్పుడే చెప్పాడుగా ఏమయ్యేదో. కంచె, కొవ్వొత్తి. మాల్టా నుంచి వచ్చిన ఆ జామిట్ ముసలాయన శిలువ కనపడితే టోపీ తీసే మనిషి, ఒక్క మాట చాలేది, సమాధి బాస్, అంతే, రెండు మాటలు. అలా అనుకుంటూనే, నిజంగా వేయించేవాడా అనీ అనుకున్నాను, విన్స్‌కి ఇప్పుడు చెప్పడం తేలిక, అప్పటి రేకుల గదిలో ఉన్నది విన్స్ కాదు. ఏమో. కాని అడగకుండానే పోయింది కదా. మడ అడవిలో మమ్మల్ని బతికించింది ఏ నోరు మూసుకోవడమో అదే ఇక్కడ చార్లీని పూడ్చిపెట్టింది, రెండోసారి. ఎవరూ చేయలేదు ఇది మాకు. పోలీసులు కాదు, ఫెన్విక్ కాదు, జామిట్ కాదు. మా నాన్న, తన తాత రాళ్ళు, ఒక్కొక్కటీ ఎత్తి. ఆ రాళ్ళ మీద కూర్చుని నేను మామిడిపళ్ళు తిన్నాను. మూడూ ముప్పై ఎనిమిది. నేను ఏడవడం లేదు, కోపంగా ఉన్నాను, మసి కళ్ళల్లో పడింది.

"ఎక్కడ?" అన్నాను. "తీసింది నువ్వే కదా. ఎక్కడో చూపించు."

"నడిస్తే తెలీదు." పొలం వైపు చెయ్యి చాపి దించేశాడు. "గట్లు మార్చేశారు, చెట్లు కొట్టేశారు. ట్రాక్టరు సీటు మీంచైతే తెలుస్తుంది. మిల్లు పొగగొట్టం ఆ కొండ సందులోకి వచ్చేది, అప్పుడు ఎత్తేవాణ్ణి."

"ఏం ఎత్తేవాడివి?"

"నాగలి."

ముప్పై ఏడేళ్ళు. ఆయన ఈ పొలం దున్నింది ముప్పై ఏడేళ్ళు, దున్నిన ప్రతిసారీ అక్కడికి రాగానే లీవరు లాగి నాగలి పైకెత్తి, ఒక మనిషి పొడుగు పోనిచ్చి మళ్ళీ దించేవాడట. అక్కడ చెరకు ఎప్పుడూ మోకాలెత్తు మించేది కాదు. ముసలి జామిట్ కేకలేసేవాడు, సరిగ్గా ఇక్కడికొచ్చేసరికి నిద్రపోతావేంట్రా అని. కునుకు పట్టింది బాస్ అనేవాడు ఈయన. కూలీలంతా నిద్రమొహం క్లారీ అనేవాళ్ళు, ఆ పేరు నాకు తెలుసు, చిన్నప్పుడు నేనూ ఆ పేరు పెట్టి ఏడిపించాను, కుర్చీలో కూడా ఎప్పుడూ కునుకు తీయని మనిషిని. నా సంచిలో డెబ్బై నాలుగు నాటి ఫొటో ఉంది, విమానంలోంచి తీసింది, కాపీ కోసం నాలుగు నెలలు ఎదురుచూశాను. బయటికి తీశాను. ఏడో ముక్క నడిమధ్యన, వాగుకి చాలా దూరంగా, గోరంత లేత మచ్చ. దాని పక్కన పెన్సిలుతో నా రాత, నీళ్ళు నిలిచే పల్లం, పట్టించుకోనక్కర్లేదు. నేనే రాశాను. ఇంత పెద్ద పరిశోధకురాలిని. నాన్న చేతిలో పెడితే కళ్ళజోడు అడగలేదు, వేలు తిన్నగా మచ్చ మీద పెట్టాడు. కాని కాగితం మీద గోరంత ఉన్నది నేలమీద ఎంతవుతుందో, ఏ సాలో, ఏ చివరో, కొలవడానికి నా దగ్గర పాత గట్టు లేదు, పాత చెట్టు లేదు, టేపు కూడా లేదు, పావుగంట ఉంది.

విన్స్ గట్టు మీంచి చేతులు ఊపుతున్నాడు, కుదరదన్నట్టు. డ్రైవరు లేచి ఒళ్ళు విరుచుకున్నాడు. నేను పరిగెత్తి చెప్పబోయాను, ఏం చెప్పాలో కూడా కూర్చుకుంటున్నాను, మా నాన్న పేరు రాకుండా ఎలా చెప్పాలా అని, ఎవరో పాత కూలీ ఉండేవాడట, అతను చూశాడట అని. అబద్ధం ఎంత తొందరగా వస్తుంది మాకు. నాన్న బండి దిగాడు. ఒక కాలు, తర్వాత రెండోది. నా భుజం పట్టుకున్నాడు. "నేను చెప్తాను" అన్నాడు.

మోళ్ళ మధ్యనుంచి ఆ నడక ఎంతసేపు పట్టిందో. గడియారం చూడలేదు, మొదటిసారి. విన్స్ ఎదురొచ్చాడు.

"ట్రాక్టరు ఎక్కించు" అన్నాడు నాన్న.

"ఇప్పుడా? ఎందుకు క్లారీ?"

నాన్న నోరు తెరిచి మూశాడు. వెనక డ్రైవరు యంత్రం స్టార్టు చేశాడు, నేల కింద సన్నగా అదురు. ఈయన తెలీదు అంటాడు, అనుకున్నాను, ఇప్పుడు తెలీదు బాస్ అంటాడు, టీకి వేళైందంటాడు, ఎనభై ఏళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది.

"మా తాత ఉన్నాడు మీ పొలంలో," అన్నాడు నాన్న. "అరవై ఒకటిలో మీ నాన్న అడిగితే చెప్పలేదు. రాళ్ళు తీసింది నేనే. పైకెక్కిస్తే చూపిస్తాను."

విన్స్ డ్రైవరు వైపు తిరిగి రెండు చేతులూ అడ్డంగా చాపాడు, ఆ చప్పుడు ఆగింది. గట్టు పక్కన నాగలితో నిలబెట్టిన విన్స్ ట్రాక్టరు మీదికి ఇద్దరం నాన్నని తోశాం, నేను కింద నుంచి, విన్స్ లోపల నుంచి చెయ్యిచ్చి. ఇప్పటి ట్రాక్టర్లకి లీవర్లు లేవు, బొత్తాలు. "మీరు చెప్పండి, నేను నొక్కుతాను" అన్నాడు విన్స్. నాన్న చూపించిన సాలు మొదట్లో నాగలి దించారు. నేల తడిగానే ఉంది, నల్లటి మట్టి చీలి వెనక్కి ఒరుగుతుంటే దాని వెనకే ఆ సాలులో నేను నడిచాను, చేతిలో వెదురు కర్ర, కళ్ళు నాన్న తల మీద. తల కదలడం లేదు. మిల్లు గొట్టం కొండకి ఎడమన ఉంది. ఇంకా ఎడమన. కొండ అంచు తాకింది. పొరపాటు పడకు నాన్నా, ఇంత దూరం వచ్చి పొరపాటు పడకు. గట్లు మారితే మారాయి, కొండ మారలేదు కదా, నువ్వు మారలేదు కదా.

"ఎత్తు" అన్నాడు నాన్న.

విన్స్ వెనక్కి తిరిగి చూశాడు, వినపడిందో లేదో.

"ఎత్తు విన్స్. తాత మీదున్నాం."

ఇనుము నేలలోంచి పైకొచ్చింది, మట్టి రాలుస్తూ. ఆఖరి గడ్డ దొర్లి నా బూటు దగ్గర ఆగింది. నేను అక్కడే కర్ర పాతాను, రెండు చేతులతో, నా బరువంతా వేసి. తర్వాత దించు అంటాడని ఎదురుచూశాను, అవతలి కొసకి ఇంకో కర్ర చేతిలో పట్టుకుని. ఒక మనిషి పొడుగు దాటింది. రెండు దాటాయి. విన్స్ వేలు బొత్తాం మీదే ఉంచి నాన్న మొహంలోకి చూస్తున్నాడు. నాన్న దించమనలేదు. ట్రాక్టరు నాగలి పైకెత్తుకునే వెళ్ళింది, సాలంతా, గట్టు దాకా.